నేను విప్పించిన నారింజ వెస్టు

ఏళ్ల తరబడి ఈ బరువు మోశాను. ఇక నా వల్ల కాదు. మీరు నన్ను ఓదార్చనక్కర్లేదు, వింటే చాలు.

ఈ పరాయి దేశంలో మేముండే ట్రుగనీనా ఊళ్లో కౌన్సిల్ వాళ్లు ఒక కార్యక్రమం నడిపేవారు. జైలు బదులు సమాజసేవ శిక్ష పడినవాళ్లు పార్కుల్లో కలుపు తీయాలి, మొక్కలు నాటాలి. వాళ్లకు పని చూపించే వాలంటీరుని నేను. గోదాములో పనిచేసి రిటైరైనవాణ్ణి. బడి చదువు తక్కువ, లైబ్రరీ పుస్తకాలతో నాకు నేనే నేర్చుకున్నాను. చట్టం ముందు అందరూ సమానమని దొరికినవాడికల్లా చెప్పేవాణ్ణి. మాటలు!

శిక్ష పడినవాళ్లలో కిరణ్ ఒకడు. విజయవాడ నుంచి వచ్చిన ఐటీ ఉద్యోగి. తాగి కారు నడిపి ఎవరిదో కంచె కూల్చాడు. ఒకసారి పనికి రాక హెచ్చరిక కూడా అందుకున్నాడు.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం మన తెలుగువాళ్లు అదే పార్కులో వనభోజనాలు పెట్టుకున్నారు. కార్లలోంచి పట్టుచీరలు దిగడం మొదలైంది. చేతులనిండా మట్టితో మన కిరణ్, ఒంటిమీద శిక్ష పడినవాళ్లు వేసుకోవాల్సిన, రోడ్డుదాకా కనిపించే నారింజ రంగు సేఫ్టీ వెస్టు, పక్కన నేను. ఎవరి పరువు కోసం భయపడ్డాను? అతని పరువు కోసమేనని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అబద్ధం. నా పరువు కోసమే.

“ఆ వెస్టు విప్పేసి వచ్చి కూర్చో. మా చుట్టమని చెప్తాలే.”

“వద్దంకుల్. సూపర్‌వైజర్ చూస్తే మళ్లీ కోర్టే. నా వీసా పోతుంది.”

“ఆవిడ అవతలి పార్కుకెళ్లిందయ్యా. నేను చూసుకుంటాగా! పెద్దవాణ్ణి చెప్తుంటే వినవేం?”

విప్పాడు. పులిహోర రెండో ముద్ద నోట్లో పెట్టుకునేలోపే ఆవిడ వచ్చేసింది. అంతమంది ముందు నన్నే అడిగింది: “పని ఆపమని నువ్వు చెప్పావా?”

“నో” అన్నాను.

కిరణ్ నావైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదు? నిజం చెప్పి నన్ను అక్కడే కడిగేయొచ్చుగా! ఇప్పటికీ ఆ మౌనం మీద నాకు కోపమే. నా మీద పడాల్సిన కోపాన్ని అతని మీదికి తోస్తున్నానా?

అతను విస్తరి ముందునుంచి లేచి వెళ్తుండగానే, “ఇలాంటివాళ్ల వల్లే మన పేరు పోతోంది” అన్నాడొక పెద్దమనిషి. వారంవారం పార్టీల్లో తాగి, స్టీరింగు పట్టుకుని ఇంటికెళ్లే మనిషి! పట్టుబడలేదు కనుక పెద్దమనిషి. ఆ మాట తలుచుకుంటే ఈరోజుకీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ మాటకు ముందుగా తలూపినవాణ్ణి నేనే.

రెండోసారి నియమం తప్పాడని కోర్టు కిరణ్‌ని జైలుకి పంపింది. తర్వాత వీసా రద్దయింది. భార్యనీ బిడ్డనీ తీసుకుని దేశం విడిచి వెళ్లిపోయాడు. నేను అతని కోసం వెతకలేదు. ఏటా వనభోజనాలకు మాత్రం వెళ్తాను. నాకు ముందు వరసలో కుర్చీ వేస్తారు. కూర్చుంటాను.

ఆవిడ అడిగినదానికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను. అవును, నేనే చెప్పాను. అతను వద్దన్నాడు. నేనే విప్పించాను.