ఆఖరి స్థానం ఖాళీ లేదు

ఎవరైనా ఒక ఆశ బయటపెడితే చాలు, దాన్ని కూరగాయల బేరంలా బేరమాడి సగానికి దించనిదే ఆయనకు అన్నం సహించదు. ఈత కొలను దగ్గర పెద్దవాళ్లకు పోటీ ఈత నేర్పే ఆ మనిషిని అందరూ తగ్గింపు మాస్టారనే పిలిచేవారు. ఆయనకూ ఆ పేరంటే కోపం లేదు. "మాస్టారు అన్నది మరీ ఎక్కువ, తగ్గింపు చాలు" అనేవాడు.

బ్యాంకు మేనేజరు చేరిన రోజే ఛాతీ విరుచుకుని ప్రకటించాడు.

"సీతాకోకచిలుక ఈతలో పతకం కొట్టాలండీ!"

"పతకం తీసెయ్యండి."

"సరే. సీతాకోకచిలుక ఈత బ్రహ్మాండంగా రావాలి."

"బ్రహ్మాండంగా తీసెయ్యండి."

"ఇక మిగిలిందేముందండీ?"

"సీతాకోకచిలుక సంగతి తర్వాత చూద్దాం. ముందు గొంగళిపురుగుగా స్థిరపడండి."

మేనేజరు వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. కానీ ఆ ఏడాది చివరికి నీళ్లు మింగకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరినప్పుడు, పతకం వచ్చినంత గర్వంగా బ్యాంకులో అందరికీ మిఠాయిలు పంచాడు.

ఇంట్లోనూ మాస్టారిది ఇదే వరస. "పెళ్లికి ముందు అందరూ రాణిలా చూసుకుంటానంటారు. ఈయన మాత్రం 'మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టను' అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట తప్పలేదు. అంతకుమించి చేసిందీ లేదు" అని ఆయన భార్య నవ్వుతూ చెప్పేది.

అలాంటి మనిషి చేతిలో పడింది టైలరమ్మ. మిషను ముందు వంగి వంగి నడుం పట్టేస్తే, డాక్టరు ఈత కొట్టమన్నాడని కొలనుకు వచ్చింది. నడుం నొప్పి వదిలింది గానీ ఈత పిచ్చి పట్టుకుంది. యాభై ఏళ్ల వయసులో పోటీకి పేరిస్తానని ఇంట్లో చెప్పేసరికి తోటికోడలు బుగ్గలు నొక్కుకుంది.

"ఈ వయసులో ఈతేంటక్కా? నలుగురూ నవ్వరూ?"

టైలరమ్మకు ఒళ్లు మండింది. "ఆఖరిగా వస్తే మళ్లీ కొలను మొహం చూడను, సరేనా?" అనేసింది.

"అయితే అందరం చూడ్డానికి వస్తాం" అంది తోటికోడలు.

నోరు జారిన మాట వెనక్కి రాదు కదా. ఆ రాత్రి టైలరమ్మకు నిద్ర పట్టలేదు. రోజు మొత్తంలో తనదంటూ ఉన్నది కొలనులోని ఆ ఒక్క గంటే. అది కాస్తా పందెంలో పెట్టేసింది. మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్లి, యాభై మీటర్లు యాభై సెకన్లలో ఈదాలని చెప్పింది.

"నిమిషం పది" అన్నాడాయన.

"యాభై అయిదు!"

"నిమిషం పది."

"బేరమన్నాక మీరూ కాస్త దిగాలి కదండీ?"

"ఇప్పుడు నీకు పడుతున్నది నిమిషం పదిహేను. సరేగానీ, నువ్వు ప్యాంటు కుట్టేది మనిషి నడుముకా, మనిషి కోరికకా?"

నడుం కొలత తగ్గించి చెప్పే మగవాళ్లు ఆమెకు కొత్తా? వాళ్ల మాట నమ్మి ఏనాడూ గుడ్డ కత్తిరించలేదు. అయినా రోషం ఊరుకోనివ్వలేదు. పోటీ దరఖాస్తులో ఎవరికి వాళ్లే తమ టైము రాసుకోవాలి. అక్కడ గుట్టుచప్పుడు కాకుండా యాభై సెకన్లని రాసేసింది.

రాసిన టైమును బట్టే ఆడామగా కలిపి బ్యాచ్‌లు వేస్తారన్న సంగతి ఆమెకు పోటీ రోజున గానీ తెలియలేదు. తన బ్యాచ్‌లో అందరూ తలుపంత భుజాలవాళ్లే. గట్టు మీద తోటికోడలు కుటుంబమంతటితో వచ్చి ముందు వరసలో కూర్చుంది.

మాస్టారు జాబితా చూసి తల పట్టుకున్నాడు. "నువ్వు రాసింది టైము కాదమ్మా, సొరచేపలకు ఆహ్వానం!"

తిట్టి ఊరుకోలేదు. తిన్నగా పేర్లు రాసే గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లి, ఆ బ్యాచ్‌లో ఖాళీగా ఉన్న చోట తనను వెయ్యమన్నాడు.

"మీరు రాసిన టైముకి అందరికన్నా నెమ్మదివాళ్ల బ్యాచ్ కదండీ వస్తుంది?" అన్నాడు గుమాస్తా.

మాస్టారు వంగి చెవిలో ఏదో టైము చెప్పాడు. గుమాస్తా నోరు తెరిచి, "ఇన్నాళ్లకు నిజం చెప్పారు" అంటూ ఆయన పేరును ఆ బ్యాచ్‌లోకి మార్చాడు.

పక్కనే వచ్చి నిలబడ్డ మాస్టారిని చూసి టైలరమ్మ కసిరింది. "మీరెందుకొచ్చారండీ?"

"ఆఖరి స్థానం నాకు రిజర్వయిపోయింది. దాని మీద కన్నేయకు. నిమిషం పది, అంతే."

ఈల మోగింది. భుజాలవాళ్లు ఎప్పుడు వెళ్లారో, ఎప్పుడు చేరారో ఆమెకు తెలియదు. తన చేతులు, తన ఊపిరి, అంతే. గట్టు తాకి, కళ్లలో నీళ్లు తుడుచుకుని బోర్డు చూస్తే నిమిషం ఎనిమిది! ఆ ఆనందం ఒక్క క్షణమే నిలిచింది. అందరూ ఎప్పుడో చేరిపోయారు, జనం పగలబడి నవ్వుతున్నారు.

కానీ ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. వెనక కొలను మధ్యలో మాస్టారు, సాయంత్రం షికారుకొచ్చినట్టు, తల పైకెత్తి తీరిగ్గా వస్తున్నాడు. మధ్యలో ఆగి, దగ్గి, జనానికి చెయ్యి కూడా ఊపాడు.

తోటికోడలు కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఈ వయసులో ఆయనకు ఈతేంటక్కా? నువ్వే నయం!"

టైలరమ్మకు చుర్రుమంది. ఏదో అనబోతుంటే, పక్కన ఎత్తు కుర్చీలో కూర్చున్న కాపలా ఆయన వంగి మెల్లగా చెప్పాడు.

"ఏటా ఇంతేనమ్మా. కొత్తవాళ్లున్న బ్యాచ్‌లో దూరి ఆఖరి స్థానం పట్టేస్తాడు. తెల్లారే ఎవరూ లేనప్పుడు చూడాలి ఆయన ఈత. ఇందాకటి వాళ్లు వెనకబడాల్సిందే."

ఆమె ప్యాంట్లు కుట్టినప్పుడు లోపల కాస్త గుడ్డ మడిచి వదులుతుంది, రేపు అవసరమైతే విప్పుకోవచ్చని. మాస్టారు తగ్గించిందంతా ఎక్కడ దాచాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది.

తువ్వాలుతో తల తుడుచుకుంటున్న ఆయన దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మాస్టారూ, వచ్చే ఏడాదికి మీ ఆశ కాస్త పెంచుకోవాలండీ."

"ఎంతకి?"

"ఆఖరి నుంచి రెండో స్థానానికి."

మాస్టారు వేళ్ల మీద స్థానాలు లెక్కపెట్టాడు.

"మరి ఆఖర్న ఎవర్ని పెడతావమ్మా? అబ్బే, అది మరీ ఎక్కువ" అన్నాడు. "తగ్గించు."