మేకల టీకా దారిలో ఆగిన రోజు

నా చిన్నప్పుడు మా చిన్నమామ జనగామలో పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉండేవాడు. అమ్మకు సొంత తమ్ముడు. ఊళ్లు తిరగడానికి పాత మోటారు సైకిలు ఒకటి కొనుక్కున్నాడు. మందుల సంచి మెడకు తగిలించుకుని, టీకాల ఐసు డబ్బాను కడుపుకూ ట్యాంకుకూ మధ్య ఇరికించుకుని పోయేవాడు. చూసేవాళ్లకే భయం వేసేది.

ఆ ఎండాకాలం సెలవులకు నేను మామ ఇంట్లో ఉన్నాను. మా ఊరు తరిగొప్పుల దాటి లోపలికి పోవాలి. మా పక్క ఊళ్లో మేకలకు పారుడు రోగం తగిలిందనీ, మందలకు మందలే పోతున్నాయనీ కబురొచ్చింది. మా ఊళ్లోకి ఇంకా రాలేదు. వచ్చేలోపు టీకాలు పడితే మేకలు బతుకుతాయి. మా బాపమ్మకు, అంటే నాన్న తల్లికి, చిన్న మంద ఉండేది. అందులో తల్లి లేని నల్ల పిల్ల ఒకటి నాది. సీసాతో పాలు పట్టి నేనే పెంచాను. నేను బడి నుంచి వస్తుంటే వాకిట్లోకి ఉరికొచ్చేది.

టీకాలు చేతికందిన రోజు పొద్దున్నే మామ వెల్డింగు దుకాణానికి పోయి, బండి పక్కన ఇనుప చట్రం వేయించి దానికి రేకు డబ్బా బిగింపించాడు. వెనుక క్యారియరు పెట్టించాడు. మందులు పక్క డబ్బాలోకి పోయాయి, ఐసు డబ్బా క్యారియరు మీదికెక్కింది. డబ్బాకు కట్టిన తాడు లాగి చూసి, "సూసినవా బిడ్డా, దవాఖాన మొత్తం బండెక్కింది" అని మురిసిపోయాడు. నన్ను తనకూ ఐసు డబ్బాకూ మధ్య కూర్చోబెట్టుకుని మా ఊరికి బయలుదేరాడు.

నర్మెట్ట దాటాక కంకర దారి మొదలైంది. గతుకుల్లో రేకు డబ్బా దడదడలాడింది. ఇళ్లు వెనుకబడి, రెండు పక్కలా ఎండిన చెలకలు మాత్రమే మిగిలాక బండి చప్పున ఆగిపోయింది. హారను లేదు, లైటు లేదు. ఫ్యూజు కాలిపోయింది. మామ దగ్గర ఇంకొకటి ఉంది. వేస్తే అదీ పోయింది. అప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చింపి ఫ్యూజుకు చుట్టాడు. బండి కదిలింది. మామ ఈల వేశాడు. ఈల ఇంకా ఆగలేదు, నా తొడల కింద సీటు వేడెక్కింది. కాలిన రబ్బరు వాసనతో పొగ లేచింది. మామ నన్ను ఒక్క ఊపున కిందికి లాగి సీటు పీకేశాడు.

పొద్దున కొత్త చట్రానికి బిగించిన బోల్టు లోపలున్న వైర్లను నొక్కేసింది. ప్రతి గతుకుకూ రబ్బరు ఒరుసుకుపోయి, రాగి తీగ బయటపడి ఇనుముకు తగులుతోంది. వెండి కాగితం చుట్టడంతో, కాలాల్సిన ఫ్యూజు కాలక తీగలన్నీ కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మామ ఆ బోల్టును వేలితో తడిమాడు. తర్వాత, "సామాను మంచిగ పోవాలని నేనే బిగిపిస్తి" అన్నాడు, నాతో కాదు, బండితో.

చట్రం విప్పి, బ్లేడుతో తీగలు ఒక్కొక్కటే గీకి, ఏది ఎక్కడికి పోతుందో వెతకసాగాడు. ఆ రోజుల్లో ఫోను చేసి పిలవడానికి లేదు. ఒక లారీ వచ్చింది, మామ చేతులెత్తి అడ్డం పోయినా ఆగకుండా దుమ్ము కొట్టి పోయింది. తుమ్మచెట్టు పలచని నీడలో ఐసు డబ్బా పెట్టి, నేను ఓణీ నీళ్లతో తడిపి దాని మీద కప్పాను. నీళ్లు సీసాలోవి, అవీ అయిపోయాయి. "మామా, ఐసు ఉన్నదా?" అని అడిగితే, "మూత తియ్యకు బిడ్డా, ఉన్న సల్లదనం పోతది" అన్నాడు. చూడటానికి కూడా వీల్లేదు. డబ్బా మూల నుంచి నీటి బొట్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

అంతలో సైకిలు మీద ఐసుఫ్రూట్ అమ్మే ఆయన వచ్చాడు. సంగతి విని పెట్టె తెరిచి, మిగిలిన ఎర్ర పుల్ల ఐసులన్నీ మా డబ్బాలో కుమ్మరించాడు. "మా సడ్డకుని ఊర్ల గూడ గిదే పరేషాను. జల్ది పోండ్రి" అని తోడల్లుణ్ని తలుచుకుంటూ ఖాళీ పెట్టెతో సైకిలెక్కాడు. ఒక్కటి కూడా నాకు తినాలనిపించలేదు.

గాయాలకు వేసే ప్లాస్టరు తీగలకు చుట్టి మామ చివరికి బండిని లేపాడు. ఇంజను శబ్దం వినగానే నాకు ఏడుపొచ్చింది. పని అయిందనుకున్నాను.

ముందే పంపిన కబురు విని, మా ఊరి బడి ముందు ఆడా మగా మేకలను పట్టుకుని పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి అందరూ ముందుకు కదిలారు. బాపమ్మ నా నల్ల పిల్లను చంకనెత్తుకుని అందరికంటే ముందుంది. మామ డబ్బా తెరిచాడు. లోపల ఎర్ర నీళ్లు, ఐసుఫ్రూట్ పుల్లలు తేలుతున్నాయి. టీకా సీసా తీసి చెంపకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"బండి ఖరాబై దారిల ఆగింది. మందు ఎచ్చగైంది. ఇగ పనిచెయ్యది" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మందు కళ్ల ముందే ఉంది, సూది ఉంది, మనిషి ఉన్నాడు. "గింత దూరం తెచ్చి ఎయ్యనంటవేంది సారూ!" అని ఒకాయన కేకలేశాడు. బాపమ్మ దగ్గరికొచ్చి, "అయ్యా, నా మేకలకన్న ఎయ్యి. పనిచేస్తే చేస్తది, లేకుంటే లేదు" అని గడ్డం పట్టుకుని బతిమాలింది.

"ఎయ్యొచ్చు అత్తమ్మా. నీళ్లు పొడిసినట్టే అయితది. టీకా పడ్డదని మీరు ధైర్యంగ అన్ని మందలను కలిపి మేపుతరు. అప్పుడు ఒక్కటి మిగలది" అన్నాడు మామ. "తప్పు నాదే. మళ్ల తెస్త. అందాక ఎవ్వరి మంద వాళ్ల దొడ్లెనే ఉంచుండ్రి."

తిట్టారు. తాగి పడుకుని ఇప్పుడొచ్చాడన్నారు. ఒకామె దుమ్మెత్తి పోసింది. మామ సీసాలు అందరి ముందూ మట్టిలో ఒంపేసి, అక్కడే నిలబడ్డాడు. మాటకు మాట అనలేదు, బండెక్కి పోలేదు. చివరి మేక ఇంటిదారి పట్టేదాకా తల ఎత్తుకునే నిలబడి ఉన్నాడు.

జనగామలో టీకాలు అయిపోయాయి. వరంగల్ పోయి తెచ్చేసరికి రోగం మా ఊళ్లోకి వచ్చేసింది. దొడ్లలో ఉంచిన మందలు కొన్ని దక్కాయి. మావి దక్కలేదు. నల్ల పిల్ల రెండు రోజులు ముక్కులు కారుతూ, పారుతూ, నా ఒళ్లో తల పెట్టి పోయింది. మామ వచ్చి గుంత తవ్వాడు. "ఏమన్న మందు లేదా మామా" అంటే "లేదు బిడ్డా" అన్నాడు. అబద్ధమైనా చెబుతాడేమోనని ఆయన ముఖంలోకి చూశాను. చెప్పలేదు. నేను ఏడుపు ఆపేదాకా పక్కనే మట్టి చేతులతో కూర్చున్నాడు.

పెద్దయ్యాక నేను భూపాలపల్లిలో నర్సు పని చేశాను. చేతుల్లో ఏమీ లేదని మనుషులకు చెప్పాల్సిన రోజులు ఎన్నో వచ్చాయి. సెలైను పెట్టి, కాసేపు ఆశ చూపి పక్క వార్డుకు తప్పుకోవడం తేలిక. అట్లా తప్పుకోబోయిన ప్రతిసారీ నా కాళ్లు ఆగిపోయేవి. ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్లు తిట్టినా ఏడ్చినా ఆ మంచం పక్కనే నిలబడేదాన్ని. పదవీ విరమణ అయింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా అట్లాంటి గడియ వస్తే, పిలవకపోయినా పోతాను. పోయి, వాళ్ల పక్కన కూర్చుంటాను.