బాపు బీడీ మానింది నా వీడియో చూసి కాదు

నేను పొగాకు మాన్పించే వీడియోలు తీస్తాను. ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు. సిద్దిపేటలో మా ఇంటి ముందుగదే స్టూడియో. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి స్క్రిప్టు రాసుకుని, నికోటిన్ మెదడులో ఏం చేస్తుందో బాణం గుర్తులతో సహా చూపిస్తాను. మా బాపు నా వీడియోలన్నీ వదలకుండా చూసేవాడు. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో బీడీ. ఒకసారి వీడియో కాస్త పొడుగైందని మధ్యలో ఇంకోటి ముట్టించాడు.

"మంచిగ చెప్పినవ్ కొడుకా," అన్నాడు పొగ వదులుతూ. "గిట్ల చెప్తె ఎవలన్న మానేస్తరు."

దవాఖానలో డాక్టరు అంత మర్యాదగా మాట్లాడలేదు. బీడీ ఆపకపోతే రేపు మంచం దిగడానికి కూడా ఊపిరి చాలదన్నాడు. ఊళ్లోవాళ్లందరి కోసం వీడియోలు తీసే నేను ఇంట్లో ఉన్న ఒక్క ప్రేక్షకుణ్ణి మార్చలేకపోయాను.

మా బామ్మర్ది కూడా ఈ వీడియోల్లోకి వచ్చింది అప్పుడే. వాడిది మద్దూరు వైపు పెళ్లి వీడియోల పని. నాలాగే డిగ్రీ చదివాడు, కాకపోతే చదివినట్టు ఎక్కడా కనిపించనివ్వడు. వాడికి స్క్రిప్టు లేదు, బాణాలు లేవు. మనిషికి బీడీ మీదికి మనసు గుంజే వేళ చూసుకుని పోయి పక్కన కూర్చుంటాడు. కెమెరా ఓ మూలన పెట్టి ముచ్చట మొదలుపెడతాడు. అప్పగింతల్లో ఏడ్చేవాళ్లను తీసీ తీసీ, కెమెరా ఉందన్న సంగతి జనం ఎప్పుడు మరిచిపోతారో వాడికి తెలిసిపోయింది. ఆ వీడియోల్లో సగంసేపు గాలి చప్పుడే. అయినా జనం చూస్తున్నారు. మానేస్తున్నారు కూడా. ఎర్రవల్లి నుంచి ఒకాయన వాడికి నాటుకోడి పంపించాడు. నాకింతవరకు గుడ్డు కూడా రాలేదు.

"ఏంది బావా, నీ వీడియోలల్ల అంత నువ్వే మాట్లాడ్తవ్," అన్నాడు ఒకరోజు. "గా తాగెటోన్ని గింతన్న మాట్లాడనియ్యరాదు?"

ఆలోచిస్తానన్నాను. ఆలోచించలేదు.

ఓ మధ్యాహ్నం వాడు మా ఇంటికే వచ్చి, కెమెరా ఓ మూలన పెట్టి అరుగు మీద బాపు పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ లోపల ఎడిటింగ్ చేస్తున్నట్టు కనిపిస్తూ వింటున్నాను.

"మామా, నీకు మొదటి బీడీ ఎవలిచ్చిన్రే?"

బాపు బీడీ కట్టను చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. వాడూ తొందరపెట్టలేదు.

"భివండిల, బట్టలు నేసే సాంచెల కాడ," అన్నాడు చివరికి. "మేస్త్రి పొద్దంత నిలవెడుతుండె. బీడీ తాగెటోన్ని మాత్రం బయటికి తోలుతుండె, లోపలైతె నూలు అంటుకుంటదని. తాగనోనికి బయటికి పోయే పనే లేదు. నాకు కాళ్లు గుంజుతుండె అల్లుడా. గింతసేపు కూసుండెతందుకు నేర్సుకున్న."

"ఇప్పుడు మేస్త్రి లేడు గద మామా, ఉత్తగనే కూసో," అన్నాడు బామ్మర్ది.

పుట్టినప్పటి నుంచి నేనీ మనిషితోనే ఉన్నాను. నా వీడియోలో పొగ తాగడానికి కారణం 'చెడు స్నేహాలు' అని ఎర్ర అక్షరాలతో వేశాను.

బాపు మర్నాటి నుంచి మానేశాడు. ఆ వీడియో సిద్దిపేటంతా తిరిగింది. చాయ్ తాగుదామని పోతే హోటలాయన గ్లాసు అందిస్తూ అడిగాడు: "మీ బామ్మర్ది మీ బాపుతోని బీడీ మాన్పిచ్చిండట గద! నువ్వు గూడ గసొంటియేవో తీస్తవ్ గదనే?"

"ఏదో, చిన్నచిన్నవి," అన్నాను.

బాపు దగ్గు తగ్గింది. నాకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషం నా చేతుల మీదుగా వచ్చి ఉంటే ఇంకొంచెం బాగుండేది. బీడీ మీదికి మనసు గుంజినప్పుడల్లా ఆయన ఫోన్ తీసి "అల్లుడా" అనేవాడు. నేను పక్కగదిలోనే ఉండేవాణ్ణి.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం బామ్మర్ది ధూళిమిట్టలో పెళ్లి తీస్తూ ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. బాపు ఎవరి దగ్గర తెచ్చుకున్నాడో, ముట్టించని బీడీతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఈయన ఇది ముట్టిస్తే బామ్మర్ది వీడియో అబద్ధమైపోతుందన్న ఆలోచన వచ్చింది నాకు. దాన్ని వెంటనే పొమ్మనలేదు. కానీ ఆయన ఊపిరి పీల్చుకునే చప్పుడు నాదాకా వినిపిస్తోంది.

"బాపూ, నికోటిన్ అంటే ఏందంటే..."

"ఏం జెప్పకు. కూసో."

కూర్చున్నాను. ఎదురింటికి సున్నం వేస్తున్నారు. ఇద్దరం అదే చూశాం. నేను అంతసేపు నోరు మూసుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆయన వేళ్ల మధ్య బీడీ నలిగి, ఆకు విచ్చుకుని, పొగాకంతా మెట్ల మీద రాలింది. మిగిలింది మోరీ కాలవలో పడేసి కాళ్లు చాపుకున్నాడు.

సాయంత్రం బామ్మర్ది ఫోన్ చేశాడు. బాపు స్పీకర్ పెట్టాడు.

"పెండ్లిల ఉంటి మామా, ఇనవడలే. ముట్టిచ్చినవా ఏంది?"

"లే అల్లుడా. చేతిదాక వచ్చింది గాని ముట్టియ్యలే. అంత నీ పుణ్యమే."

"మరి పక్కకు ఎవలున్నరు?"

"ఎవల్లేరు," అన్నాడు బాపు. "మావోడే ఉండె."