ఎండుచేపల గదికి చెమ్మ

2021లో మొగల్తూరులో ఒక బాత్రూమ్‌కి టైల్స్ వేశాను. అప్పటికి నేను టైల్స్ మేస్త్రీగా పద్నాలుగేళ్లు పనిచేశాను. భీమవరం చుట్టుపక్కల నా పని చూసి పిలిచినవాళ్లే గానీ, పని బాగాలేదని పిలిచినవాళ్లు లేరు. సూరమ్మ గారి ఇంటి దగ్గర ఆ గర్వం కాస్తా పోయింది.

సూరమ్మ గారిది ఎండుచేపల వ్యాపారం. యాభై దాటిన మనిషి. కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఆవిడ ముచ్చటపడి పెట్టించుకున్నది ఒక్క షవరే. రోజంతా సరుకు మధ్య తిరిగి వచ్చాక, చెంబు పట్టే పని లేకుండా దాని కింద హాయిగా నిలబడాలని ఆవిడ కోరిక. లేత నీలం టైల్స్ కూడా తనే ఎంచుకున్నారు. షవర్ గోడకి అటువైపు ఎండుచేపల మూటలు పెట్టే గది.

వారంలో పని ముగించాను. ప్లాస్టరింగ్ మీద నేరుగా టైల్స్ అతికించి, సందుల్లో గ్రౌట్ నింపాను. గ్రౌట్ అంటే టైల్‌కీ టైల్‌కీ మధ్య గీతలా కనిపించే సిమెంటు ముద్ద. టైల్ పడ్డాక ఇంక గోడలోకి నీళ్లెలా వెళ్తాయని నా ధీమా.

రెండు నెలలకి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి ఆవిడ మూటల గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా చేతిలో ఒక ఎండుచేప పెట్టారు.

“విరువు మేస్త్రీ.”

విరవబోతే వంగింది.

“ఎండుచేప విరగాలి. ఇది వంగుతోంది. ఆ గోడ పక్కన పెట్టిన మూటలన్నీ ఇలాగే ఉన్నాయి.”

గోడ మీద నడుం ఎత్తు దాకా చెమ్మ మరక. పైపు కారుతోందేమో అన్నాను. ప్లంబర్ వచ్చి ప్రెజర్ టెస్ట్ చేశాడు. కొళాయిలన్నీ మూసి, పైపుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి, ఆ ఒత్తిడి తగ్గుతుందేమో చూస్తారు. మీటర్ ముల్లు కదల్లేదు. అయితే గ్రౌట్ పోయి ఉంటుందన్నాను. పాతది గీకి, కొత్తది నింపి వచ్చేశాను. ఇరవై రోజులకి మళ్లీ ఫోన్.

ఈసారి కూడా ఆవిడ కోప్పడలేదు. ఒక టైల్ తీసి చూద్దామా అని మాత్రం అడిగారు. తీశాను. వెనక ప్లాస్టరింగ్ వేలితో నొక్కితే తడి ఇసుకలా రాలింది. గ్రౌట్ లోంచి, షవర్ పైపు చుట్టూ నేను వదిలేసిన ఖాళీ లోంచి నీళ్లు రోజూ కొంచెం కొంచెంగా ఇంకాయి. వాటిని ఆపాల్సిన వాటర్‌ప్రూఫింగ్ పూత టైల్స్ వెనక ఉండాలి. నేను అది వేయనే లేదు. ఆ సంగతే ఆవిడకి చెప్పాను.

“తప్పు నాదేనండి. గోడంతా విప్పి మళ్లీ చేస్తాను.”

“ఆ మాట మొదటిసారే అనుంటే కొంత సరుకైనా దక్కేది,” అని ఆవిడ లోపలికి వెళ్లి టీ పెట్టారు.

టైల్స్ విప్పి, రాలిపోతున్న ప్లాస్టరింగ్ చెక్కేసి కొత్తగా పూశాను. మూడో రోజుకి గోడ పొడిగా కనిపించింది. పూత బకెట్ మూత తీశాను. సూరమ్మ గారు వచ్చి గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నారు.

“ఇప్పుడే వద్దు బాబూ. పైన ఎండింది కదాని మూట కట్టేస్తే చేప లోపల్నుంచి పాడైపోద్ది. గోడైనా అంతే కదా?”

బకెట్ మూత పెట్టేశాను. మరో పది రోజులు ఫ్యాన్ పెట్టి గోడని ఆరనిచ్చాం. ఆవిడ రోజూ పొద్దున్నే చెయ్యి ఆనించి చూసేవారట. ఇంక కానివ్వమని కబురు పంపాకే వెళ్లాను. పూత పగలకుండా మూలల్లో ఫైబర్ మెష్ అతికిస్తూ, ఇది సన్నటి వల లాంటిదని వివరించబోయాను. వల సంగతి నువ్వు మాకు చెప్పాలా అని నవ్వారు. ఒక పూత వేసి, అది ఆరాక రెండోది వేశాను. పైపు చుట్టూ ఖాళీలో నీళ్లు దూరకుండా సీలెంట్ నింపాను. అంతా గట్టిపడ్డాక, టైల్స్ అతికించే ముందు షవర్‌ని గంటసేపు గోడ మీదికి వదిలాం. అటువైపు గదిలో కుర్చీలు వేసుకుని, సినిమాకి వచ్చినట్టు ఇద్దరం గోడనే చూస్తూ కూర్చున్నాం. చుక్క రాలేదు.

నెల తర్వాత వెళ్తే, గోడ పక్కన పెట్టిన మూట విప్పి ఒక చేప ఇచ్చారు. పట్‌మని విరిగింది. ఆ పూట భోజనం అక్కడే. తర్వాత నర్సాపురంలో వాళ్ల చెల్లెలు ఇల్లు కట్టుకుంటుంటే, మేస్త్రీ కావాలని నాకే ఫోన్ చేయించారు.

ఎన్నో సైట్లలో పెద్ద మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నాను. గోడని ఆరనివ్వడం మాత్రం ఎండుచేపలమ్మే ఆవిడ నేర్పారు. ఇప్పుడు బాత్రూమ్ ఎన్ని రోజుల్లో అవుతుందండీ అని ఎవరైనా అడిగితే, గోడ చూశాక చెబుతానంటాను. ఒక్కోసారి వాళ్లు వేరే మేస్త్రీని చూసుకుంటామంటారు. మంచిదండీ, ఆయన చేత కూడా ముందు పూత వేయించుకోండి అని చెప్పి వచ్చేస్తాను.