వదినగారి అప్పగింతల పాట

నలుగురిలో నోరు విప్పాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. పేరంటంలో ఎవరైనా "ఓ పాట పాడమ్మా" అన్నారంటే చాలు, ఏదో వంక చెప్పి లేచి వచ్చేసేదాన్ని. అమలాపురం దగ్గర మా అత్తవారి ఊళ్ళో నన్ను మూగమొద్దు అనేవారు. అననీ, నాకేం?

అలాంటి నన్ను పట్టుకుని మా ఆయన అక్కగారు, తన కూతురి పెళ్ళిలో అప్పగింతల పాట పాడమన్నారు. పిల్ల చంటిబిడ్డగా ఉన్నప్పుడే భర్త పోయి ఆవిడ పుట్టింటికి వచ్చేశారు. విధవరాలు పెళ్ళిపీటల దగ్గరికి రాకూడదట, కన్నతల్లైనా సరే! కన్యాదానం మా ఆయనా నేనూ చెయ్యాలి. అప్పుడు ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్నారు. పిల్లకి పదేళ్ళు కూడా నిండలేదు. దానికి చెప్పాలనుకున్నదంతా వదినగారు పాటగా కట్టుకున్నారు.

"నావల్ల కాదండీ వదినగారూ. గొంతు పెగలదు."

"నువ్వు కాకపోతే నాకింకెవరున్నారే? నా పిల్లకి నా మాట చేరొద్దా?"

ఒప్పుకోక తప్పలేదు.

మొదట పశువులపాకలో, ఆవు ముందు పాడించారు. ఆ తర్వాత వడ్లు దంచే చోట. రోకళ్ళ చప్పుడులో నా పాట నాకే వినపడేది కాదు, హాయిగా పాడేదాన్ని. ఓ రోజు మధ్యలో వదినగారు చెయ్యెత్తారు. రోకళ్ళన్నీ టక్కున ఆగిపోయాయి. నా గొంతొక్కటే మిగిలింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"ఆపేవేం? పాడు," అన్నారు.

"ఆయ్, బాగుందండీ, పాడండమ్మగారూ," అంది దంచే మనిషి ఒకతె.

ఏడుస్తూనే పూర్తిచేశాను. ఆ తర్వాత పొరుగింటి పేరంటంలో ఒక చరణం, ఇంకోచోట ఇంకాస్త. వణుకు పోలేదు గానీ, వణుకుతూనే పాడటం వచ్చింది.

పెళ్ళి అయింది. మగపెళ్ళివారిది ద్రాక్షారామం పక్క, రేవులో పడవ సిద్ధంగా ఉంది. వదినగారు పెరట్లో కొబ్బరికాయల కొట్లో తలుపు చేరవేసుకుని కూర్చున్నారు. పిల్ల చేతులు పాలలో ముంచి వాళ్ళత్తగారి చేతుల్లో పెట్టి, పాట ఎత్తుకున్నాను.

ఒక చరణం అయిందో లేదో, పిల్ల తలెత్తింది.

"ఇది అమ్మ పాట. అమ్మేదీ?" అంటూ చేతులు విడిపించుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"అయ్యో అయ్యో! బయల్దేరే వేళ ఆ మొహం చూడ్డమేమిటండీ! పట్టుకోండి!" అని మగపెళ్ళివారి పెద్దావిడ కేకలు. వాళ్ళ శకునాలు మండ! నేనూ వెనకాలే పరుగెత్తాను. పిల్ల తలుపు తొయ్యబోయేసరికి లోపల గడియ పడింది. వేసుకున్నది వదినగారే.

పిల్ల రెండు చేతులా తలుపు బాదుతోంది. "అమ్మా, ఒక్కసారి తియ్యవే!"

నా నోట పాట ఎప్పుడో ఆగిపోయింది.

"పాడవే," అన్నారు వదినగారు లోపలినుంచి. "పూర్తిగా పాడు. దాన్ని తీసుకెళ్ళిపో."

పిల్లని ఎత్తుకుని, రేవుదాకా పాడుతూనే నడిచాను. ఊరంతా చూస్తున్నా నాకు భయమన్నదే గుర్తు రాలేదు. పిల్ల మాత్రం నా భుజం మీదుగా ఇంటివైపే చూస్తూ ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి తలుపు ఇంకా వేసే ఉంది. "పడవ వెళ్ళిపోయిందండీ," అన్నాను. అప్పుడు గడియ తీశారు. పాట గురించి అడుగుతారనుకున్నాను.

"అంత గట్టిగా కొట్టేసింది," అన్నారు. "దాని చేతులు కందిపోయేయేమో, చూసేవా?"