‘హో’ అంటే ఆగిన గీత

నెల రోజుల నుంచి ఆ ఫోన్‌లో ఒక్కటే చూస్తున్నావు. ఏ ఆసిలోస్కోపు కొనాలి, పెద్ద తెరదా, చిన్న తెరదా, దేనికి ఎన్ని మీటలున్నాయి అని. అక్కడ నువ్వు కట్టిన సింథసైజరు పెట్టె గుర్రుపెడుతూనే ఉంది. నా ముచ్చట్లు రాసుకుంటానన్నావు కదా బిడ్డా, అయితే ఇదే రాసుకో. మన ఇంట్లో మొట్టమొదట ఆసిలోస్కోపు ఎంచినవాడు మా మామ. అంటే మీ తాతకు తండ్రి. ఆయన ఎడ్ల బేరగాడు. నవ్వకు, రాయి.

హైదరాబాదు ఇండియాలో కలిసిన మరుసటి ఏడు అది. నాకు పదహారేళ్లు, కాపురానికి వచ్చి ఆరు నెలలు. ఊరు ఇదే మాదాపురు. కాకపోతే అప్పుడు బండరాళ్లు, సీతాఫలం చెట్లు, వాటి సందుల్లో కొన్ని ఇళ్లు. ఇప్పుడు నీ ఆఫీసు గాజుమేడ ఉన్నచోట మా మామ అమ్మకానికి తెచ్చిన ఎడ్లను కట్టేసేవాడు. ఊళ్లో కరెంటు లేదు. మీ తాతకు సికింద్రాబాదులో కరెంటున్న చిన్న దుకాణం ఉండేది. రేడియోలు బాగుచేసేవాడు, పెళ్లిళ్లకు మైకు సెట్టు కిరాయికిచ్చేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో చేరి ఆ పని నేర్చుకున్నాడు. ఎందుకు చేరాడనుకున్నావు? ఎడ్లంటే భయం. ఎడ్ల బేరగాడి కొడుకై ఉండి, ఎద్దు తోక ఊపితే చాలు, అరుగెక్కి నిలబడేవాడు.

మైకు సెట్టుకు యాంప్లిఫయర్ కూడా తన చేత్తోనే కట్టాడు. పాట బాగానే వచ్చేది, మాటా వచ్చేది. వాటి కింద మాత్రం ఎప్పుడూ భుమ్మని ఒక రొద. కండెన్సర్లు మార్చాడు, వాల్వులు మార్చాడు, ఏమీ తోచక స్పీకరు హారన్‌ను తూర్పుకు తిప్పి చూశాడు. పోలేదు. ఒక పెళ్లిలో పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి, “ముందు ఆ తుమ్మెదను వెళ్లగొట్టండయ్యా” అన్నాడు. ఇంకో పెళ్లిలో పెళ్లికూతురి మేనమామ హారన్‌లో గొంగడి కుక్కాడు.

ఆ గొంగడి సంగతి ఎడ్లు అమ్మే అంగడి దాకా పోయింది. మా మామ ఆ సాయంత్రం కొత్త ఇనుప తాళం ఒకటి కొనుక్కొచ్చి, మొలతాడుకు కట్టుకుని, అందరి ముందూ చెప్పాడు.

“మా అన్న బిడ్డ పెండ్లి సికింద్రాబాదులనే. ఆ దినం గూడ నీ డబ్బా బుమ్మంటే, ఈ తాళం నీ దుకాణానికి. తెల్లారి నాతోని అంగడికి రావాలె, ఎడ్ల పగ్గం వట్టాలె.”

పగ్గం మాట వినగానే మీ తాత అరుగెక్కాడు. “రొద యాడికెల్లి వస్తుందో చెవులకు తెలుస్తలేదు నాయినా. కండ్లతోని జూడాలె.”

“రొదను కండ్లతోని జూస్తవా?” అంది మా అత్త. “ఏందయ్యా, పోరడు పరేషాన్ల వడి ఏమేమో మాట్లాడుతుండు.”

“మిషిని ఉంటదమ్మా. రొద గాజు మీద గీత లెక్క కనవడ్తది.”

మామ తాళాన్ని అటూ ఇటూ తిప్పాడు. “సరే. కొనిస్త. గని ఎంచుడు నాది. ముప్పై ఏండ్లల్ల నేను ఎంచిన ఎద్దు ఒక్కటి వాపసు రాలే.”

“అది ఎద్దు గాదు నాయినా.”

“కొనేటిదైతే అన్నీ ఎద్దులే.”

యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సామాను అమ్మే దుకాణం ఒకటి సికింద్రాబాదులో ఉండేది. మొదటి రోజు తండ్రీకొడుకులే వెళ్లారు, నేను తరవాత విన్నదే చెబుతున్నా. అక్కడ ఆ మిషిన్లు, అదే ఆసిలోస్కోపులు, రెండున్నాయి. ఒకటి పెద్దది, మెరుస్తోంది, గాజు తాంబాళమంత. రెండోది చిన్నది, రంగు పోయింది, గాజు చెంబు మూతంత. పెద్దదాన్ని చూసి మీ తాత మనసు పారేసుకున్నాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అట్లా చూడలేదు, ఇది కూడా రాయి.

మామ చేతులు వెనక్కి కట్టుకుని రెండింటి చుట్టూ తిరిగాడు. వీపు తట్టాడు. వెనక తీగ పట్టుకుని తోకను లాగినట్టు లాగాడు. వంగి కింద రబ్బరు కాళ్లు లెక్కపెట్టాడు. దుకాణదారుకు నవ్వు ఆగలేదు.

“పెద్దమనిషీ, పండ్లు గూడ జూస్తవా ఏంది?”

“నోరు తెరువుమను, జూస్త.”

పెద్దదాని గాజు పైన రెండు గుండ్రటి మీటలు పక్కపక్కన ఉన్నాయి. వాటిని చూసి మామ, ఎద్దు నుదుట చెడ్డ సుడి కనిపించినట్టు వెనక్కి జరిగాడు. “నుదుట జంట సుడి! ఇది కొన్నోన్ని తింటది. వద్దు.”

“అవి మీటలు నాయినా!”

“సుడిని మీట అంటే మంచిదైతదా?”

తండ్రీకొడుకులు అక్కడే అరగంట కొట్లాడుకున్నారు. మీ తాత వర్క్‌షాపులో నేర్చిందంతా చెప్పాడు. మామ అంగడిలో నేర్చిందంతా చెప్పాడు. చివరికి మామే ఒక దారి తీశాడు. రెండు ఎడ్లలో ఏది పనికొస్తుందో తేలకపోతే, రెండింటినీ ఒకే కాడికి కట్టి నడిపిస్తారట. అట్లాగే ఈ రెంటినీ కట్టాలి. మీ తాత వెంటనే ఒప్పుకున్నాడు. పెద్దదే గెలుస్తుందని ఆయన ధైర్యం.

రెండింటికీ ఒకే శబ్దం ఇవ్వాలి, అదీ వణక్కుండా నిలబడే శబ్దం. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న శ్రుతిపెట్టె గుర్తొచ్చింది వాళ్లకు. దాన్ని నేను ఎవ్వరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. అందుకని మర్నాడు బండిలో నేనూ వెళ్లాను. “కొత్తకోడలు మిలిటరీ దుకాణంల కూసునుడేంది?” అని అత్త గొణిగింది. “కాడికి ముందల నడిచేటందుకు మనిషి గావాలె” అన్నాడు మామ.

మీ తాత మిలిటరీ టెలిఫోను మైకుకు బ్యాటరీ తగిలించి, దాని నుంచి రెండు తీగలు తీసి, ఒకటి పెద్ద పెట్టెకు, ఒకటి చిన్న పెట్టెకు కలిపాడు. నేను మైకు ముందు కూర్చుని శ్రుతి పెట్టాను. ఇంకేముంది, రెండు గాజు తెరల మీదా పచ్చటి గీత లేచి మెలికలు తిరిగింది! పెద్దదానిలో మెలికలు ఎంత అందంగా ఉన్నాయంటే, దుకాణదారు కూడా నవ్వు మానేసి దగ్గరికొచ్చాడు.

“జూసినవా నాయినా, ఎట్ల నడుస్తుందో!” అన్నాడు మీ తాత.

“నడుసుడు సరే. నిలువుమంటే నిలుస్తదా?” అంటూ మామ ముందుకొంగి, పెట్టెల మొహం మీద “హో!” అని అరిచాడు.

నేను అదిరిపడి శ్రుతిపెట్టె మీది నుంచి చెయ్యి తీసేశాను.

చిన్నదానిలో గీత పడుకుంది. నున్నగా, తిన్నగా, దారం పరిచినట్టు. పెద్దదానిలో గీత ఇంకా ఊగుతోంది. మామ మళ్లీ “హో” అన్నాడు. ఊగుతూనే ఉంది. మీ తాత వంగి మైకు తీగ పీకేశాడు. అయినా ఊగుతోంది. కాసేపు ఆ గీతను చూసి, నేల మీద చతికిలబడ్డాడు.

“దాని కడుపులనే రొద ఉన్నది నాయినా. దీన్ని కొంటే డబ్బా రొద ఏదో, దీని రొద ఏదో తెల్వక చచ్చేటోన్ని.”

“జంట సుడి అని చెప్పలే?” అన్నాడు మామ. దుకాణదారు లేచి పెద్దదాని మీద గుడ్డ కప్పేశాడు.

చిన్నది కొన్నాం. కొన్న పశువు ముందు ఇంటి గడప చూడాలి కదా, అందుకని పక్కనే ఉన్న మీ తాత దుకాణానికి కాకుండా కరెంటు లేని మాదాపురుకు తీసుకొచ్చాం. బండరాళ్ల మీద బండి ఎగిరెగిరి పడుతుంటే, గాజు పగలకుండా దారంతా నా ఒళ్లో బొంత మీద పెట్టుకున్నాను. మా అత్త దానికి బొట్టు పెట్టి, హారతిచ్చి, ముందర గంపెడు తౌడు పెట్టింది. ఒక పూట గడప దగ్గర నిలబెట్టి మళ్లీ సికింద్రాబాదు తీసుకుపోయాం.

దాని తీగ పట్టుకుని మీ తాత యాంప్లిఫయర్ లోపల ఒక్కో చోటే తాకించుకుంటూ వెళ్లాడు. ఇక్కడ గీత తిన్నగా ఉంది, ఇక్కడా తిన్నగానే ఉంది, ఇదిగో ఇక్కడ లేచింది. చూస్తే మొదటి వాల్వు దగ్గర ఎర్త్ తీగను ఒకచోట బదులు ఇంకోచోట టంకం పెట్టాడు. ఎవరు? ఆయనే, తన చేత్తోనే. ఇన్ని పెళ్లిళ్లు ఆగమైంది ఆ ఒక్క చుక్క టంకంతో. దాన్ని ఊడదీసి సరైన చోట అతికించాడు.

పెళ్లిరోజు మైకు పెట్టారు. మీ తాత మీట నొక్కాడు. నిశ్శబ్దం. ఈగ వాలితే వినిపించేంత నిశ్శబ్దం. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. అంతలో పెళ్లికూతురి తండ్రి, అంటే మా మామ అన్న, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏందిరా, మైకు సచ్చిందా? పెండ్లికొడుకు గల్లీలకొచ్చె!”

“మంచిగనే ఉన్నది పెదనాయినా.”

“మంచిగుంటే రొద ఏది?”

చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే మాట. ఆ భుమ్మనే చప్పుడు లేకపోతే మైకు ఉన్నట్టే కాదట వాళ్ల లెక్కలో. “చెడగొట్టుకున్నడు, తాళం ఎయ్యి” అన్నాడు ఎవడో. మామ మొలలో తాళం గలగలమంది. ఆయన జనాన్ని తోసుకుంటూ మైకు దగ్గరికి నడిచాడు. జన్మలో మైకు ముట్టనివాడు. ఏం మాట్లాడాలో తెలియక, తనకొచ్చిన ఒక్క మాటా ఊపిరి నిండా పీల్చి అన్నాడు.

“హో...!”

రొద లేదు, వణుకు లేదు. గల్లీ అంతా ఆయన గొంతే. మలుపు తిరుగుతున్న పెళ్లివారి ఏడు బండ్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ముందు బండిలో పెళ్లికొడుకు ముందుకు తూలి, తలపాగా ఎద్దు వీపు మీద పడింది. బండివాళ్లు అదిలించారు, తోకలు మెలిపెట్టారు. ఎడ్లు అడుగు వెయ్యవు. అన్నీ మామ అమ్మినవే, ఆ గొంతు వాటికి తెలుసు.

“అరే, మంచిగనే వినవడ్తుంది గదరా!” అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

మామే మళ్లీ మైకులో “ఛల్... ఛల్... జర పైలంగ” అంటూ జాగ్రత్తగా పెళ్లికొడుకును పందిరి దాకా తోలుకొచ్చాడు. ఆ తరవాత మొలతాడు నుంచి తాళం విప్పి, అరచేతిలో బరువు చూసి, మీ తాత వైపు చూడకుండానే అన్నాడు.

“ఎడ్ల కొట్టం తలుపుకు తాళం లేక శాన దినాలాయె. దీన్ని ఆడ ఏస్కుంట.”