హెన్రీకి వచ్చిన జ్వరం

2023లో నేను మస్కట్‌లో, బౌషర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అనస్థీషియా నర్సుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందురోజు రోగి దగ్గర కూర్చుని వివరాలు అడగడం నా డ్యూటీ. దీన్ని ప్రీ-అనస్థీషియా చెకప్ అంటాం. అందులో ఫ్యామిలీ హిస్టరీ గురించి ఒక ప్రశ్న ఉంటుంది: మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తుమందు వల్ల ఇబ్బంది వచ్చిందా? దాదాపు అందరూ లేదంటారు. మేం టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం.

ఎలెన్ కూడా లేదనే అంది. ఆమె దగ్గర్లోని ఘుబ్రాలో ఉండే అమెరికన్ టీచరు, యాభై దాటిన మనిషి. పిత్తాశయంలో రాళ్ళు. అంతవరకు ఒక్క ఆపరేషన్ కూడా జరగలేదు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఉంది. తెర నిండా గీతలు, వాటి చివర పేర్లు.

"ఏమిటండీ ఇది?" అని అడిగాను.

"మా వంశవృక్షం. సెలవులన్నీ దీనికే పోతున్నాయి," అని నవ్వింది. "ఇదిగో, ఈయన హెన్రీ. మా ముత్తాత తండ్రి. పంతొమ్మిదో శతాబ్దంలో ఒహాయోలో వ్యవసాయం చేశాడు. రాయిలాంటి మనిషట. ముప్పై దాటగానే పోయాడు. ఎలా పోయాడన్నదే అంతుపట్టడం లేదు."

"ఇంట్లో ఏమంటారు?"

"డాక్టరు చంపేశాడంటారు. గుర్రం మీంచి పడి కాలు విరిగిందట. డాక్టరు ఇంటికొచ్చి ఎముక సరిచేశాడు. హెన్రీ మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి మావాళ్ళు ఆసుపత్రి గడప తొక్కరు."

కాలు విరిగినంత మాత్రాన రాయిలాంటి మనిషి పోతాడా? నాకు ఆసక్తి ఆగలేదు. "ఎముక సరిచేసేటప్పుడు మత్తేమైనా ఇచ్చారా?"

"తెలీదు. మా మేనత్త రూత్‌కి తెలుసేమో. అక్కడిప్పుడు పొద్దున్న, లేచే ఉంటుంది," అంటూ ఎలెన్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"ఈథర్ ఇచ్చారు," అంది రూత్, నిన్న చూసినట్టుగా. "గుడ్డ మీద పోసి ముక్కు దగ్గర పెట్టారట. కాసేపటికి దవడ బిగుసుకుపోయింది. ఒళ్ళు కొయ్యబారింది. పొయ్యిలా కాలిపోయాడట. మంచుగడ్డలు తెచ్చి కప్పినా లాభం లేకపోయింది."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "అమ్మా, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయ్యిందా?"

రూత్ గొంతు తగ్గించింది. "మా తమ్ముడు బిల్లీకి. టాన్సిల్స్ తీయించాలని మా అమ్మ పట్టుబట్టి తీసుకెళ్ళింది."

"బిల్లీ బాబాయి జ్వరంతో పోయాడన్నారు కదా!" అంది ఎలెన్.

"జ్వరమే. ఆపరేషన్ టేబుల్ మీద వచ్చిన జ్వరం. అమ్మ ముందు ఆ మాట మేమెవ్వరం ఎత్తేవాళ్ళం కాదు."

మా పాఠాల్లో చదివిన జబ్బు అది. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. మామూలుగా ఏమీ తెలియదు. కొన్ని రకాల మత్తుమందులు తగిలితే మాత్రం కండరాలు బిగుసుకుని, ఒళ్ళు మండిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. ఈథర్ అలాంటిదే. మర్నాడు ఎలెన్‌కు మేం ఇవ్వబోయే గ్యాసూ అలాంటిదే.

మా మత్తు డాక్టరు సలీమా ఒమాన్ దేశస్థురాలు. విషయం విని కుర్చీలోంచి లేచింది. "రేపు కేసు లేదు. ముందు డాంట్రోలీన్ తెప్పించండి. యల్లా, త్వరగా!" డాంట్రోలీన్ అంటే ఆ జ్వరానికి విరుగుడు మందు. మా దగ్గర సరిపడా లేదు. వేరే ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేశాం.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. జగిత్యాల నుంచి వచ్చిన మా టెక్నీషియన్ శ్రీను, మత్తుమందును గ్యాసుగా మార్చే వేపరైజర్లు విప్పేసి, మిషన్‌ను ఆక్సిజన్‌తో కడుగుతూనే ఉన్నాడు.

"అక్కా, వాసన గూడ ఉండొద్దా?"

"ఉండకూడదురా. ఆవిడకి అదే విషం."

"గట్లనా! అయితే ఇంకింతసేపు కొడత."

గ్యాసు లేకుండా, నరం ద్వారా ఎక్కించే మందులతోనే మత్తిచ్చారు. ఆపరేషన్ సాగినంతసేపూ నా కళ్ళు టెంపరేచర్ అంకె మీదే. అది కదల్లేదు. ఎలెన్ కళ్ళు తెరిచి, "హెన్రీకి థాంక్స్ చెప్పాలి," అని గొణిగింది.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. జీన్ టెస్టులో ఆ జబ్బు ఉన్నట్టు తేలిందట. అమెరికాలో ఆమె అన్నయ్య, ఆయన పిల్లలు కూడా పరీక్ష చేయించుకున్నారు.

"ఇంకో సంగతి," అంది. "హెన్రీ కాలు సరిచేసిన డాక్టరు మునిమనవడికి మా ఊళ్ళో ఇనప సామాన్ల షాపుంది. మావాళ్ళెవరూ అందులో అడుగు పెట్టరు. రూత్ అత్త కర్ర పొడుచుకుంటూ వెళ్ళి, 'మీ ముత్తాత తప్పేమీ లేదు, అప్పట్లో ఆ జబ్బు ఎవరికీ తెలియదు' అని చెప్పింది. అతను ఆవిడకి కుర్చీ వేసి, 'మా ముత్తాత ఉన్నట్టుండి వైద్యం ఎందుకు మానేశాడో మాకు ఇప్పటిదాకా తెలియదండీ' అన్నాడట."

ఇప్పుడు నేను ఆ ఫ్యామిలీ హిస్టరీ ప్రశ్నను అలా అడగను. "మీ ఇంట్లో ఆపరేషన్‌కని వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ గురించి ఏమని చెప్పుకుంటారు?" అంటాను. చాలామంది ఎవరినో తలుచుకుంటూ కిటికీ వైపు చూస్తారు. వాళ్ళు నా వైపు తిరిగేదాకా తర్వాతి ప్రశ్నకు వెళ్ళను.